రాకెట్టు చెప్పిన పదకొండు సెకన్లు

డెమో బావ తన ల్యాప్‌టాప్‌ను భోజనాల బల్ల మీదికి తెచ్చి, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెను జరిపినంత జాగ్రత్తగా ఆమె ముందుకు జరిపాడు.

“తెర మీద రీస్టార్ట్ పెట్టాను, బటన్ నువ్వే నొక్కు చెల్లెమ్మా. తర్వాత నేనేదో కనికట్టు చేశానని అనకూడదు.”

ఆమె వేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. దాని చుట్టూ ఏదో కారి, ఎండి, నిగనిగలాడుతోంది. అది టీనా, జామా, ఇంకేమైనానా అని తేల్చుకునే ధైర్యం లేక, వేలు ముడిచి కణుపుతో నొక్కింది. అయినా అంటుకుంది. అక్షరాల సందుల్లో బిస్కెట్ పొడి ఇసుకలా పేరుకుని ఉంది. స్పేస్ బార్ కింద నుంచి ఒక తెల్ల వెంట్రుక సగం బయటికి వచ్చి, ఫ్యాను గాలికి తీరుబడిగా ఊగుతోంది.

ఆయన ఆమెకు ఆడపడుచు భర్త. అంటే వరసకు అన్నయ్య. ఆమె భర్తకు బావ. మిగతా లోకానికంతటికీ డెమో బావ. నీళ్ళ ఫిల్టరు, నడుం పట్టీ, తనంతట తనే ఇల్లు ఊడ్చే చీపురు, ఏది అమ్మినా ముందు బంధువుల ఇళ్ళలో డెమో ఇవ్వందే ఆయనకు ముద్ద దిగదు. ఆ చీపురు ఈ ఇంట్లోనే, ఆయన సొంత ఇంట్లోనే, మంచం కిందికి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళడమే.

ఆమెకు పనిచేసే చోట పెట్టిన పేరు సెకన్లమ్మ. ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణంలో నాలుగేళ్ళుగా ఉంది. ఏ యంత్రం వచ్చినా ముందు స్టాప్‌వాచ్ తీస్తుంది, తర్వాతే స్క్రూడ్రైవర్ పడుతుంది. పెళ్ళై మూడు నెలలు. అత్తింటివైపు చుట్టరికాల్లో ఎవరిని ఏమని పిలవాలో ఇప్పుడిప్పుడే నోటికి వస్తోంది.

“ఇది రాకెట్టు లేని బతుకు,” అన్నాడు డెమో బావ, తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కల్ని చూపిస్తూ. “చూడండి. ఇలా తిరుగుతూనే ఉంటుంది. మనిషి జీవితంలో సగం దీనికే పోతోంది.”

“మిగతా సగం మీ డెమోలకు పోతోంది బావా,” అన్నాడు ఆమె భర్త, పక్క కుర్చీలోంచి.

యంత్రం లేవడానికి రెండు నిమిషాల పైనే పట్టింది. అప్పుడు ఆయన దాంట్లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఎర్రటి రాకెట్టు బొమ్మ, కింద మంటలు. యంత్రాన్ని షట్ డౌన్ చేసి, మళ్ళీ వేశాడు. ఈసారి కళ్ళు మూసి తెరిచేలోగా డెస్క్‌టాప్ వచ్చేసింది. రాకెట్టు తెర కింది నుంచి పైకి ఎగిరింది. రంగుకాగితాల ముక్కలు రాలాయి. మధ్యలో పెద్ద అక్షరాలు: పదకొండు సెకన్లు. ఎక్కడినుంచో ఒక పసిగొంతు, “అభినందనలు” అంది.

ఆమె జిగురంటిన కణుపును బల్ల అంచుకు తుడుచుకుంది.

“అన్నయ్యగారూ, మొదటిసారి రీస్టార్ట్ నొక్కించారు. రెండోసారి షట్ డౌన్ నొక్కారు.”

“రెండూ ఒకటేగా అమ్మా. నిద్ర లేవడమే కదా.”

“ఒకటి నిద్ర. ఇంకోటి కునుకు. ఇందులో షట్ డౌన్ అంటే పూర్తిగా ఆరిపోవడం కాదు, సగం సంగతులు దాచిపెట్టుకుని కన్ను మూయడం. కునుకులోంచి ఎవరైనా తొందరగానే లేస్తారు, రాకెట్టు ఉన్నా లేకపోయినా.”

ఆయన నవ్వాడు. వినిపించుకోనప్పుడు నవ్వే నవ్వు అది. ఆమె మౌస్ అందుకుని ఒక ఫైలు మీద నొక్కింది. ఏమీ తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కింది. బాణం గుర్తు పక్కన చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. మేడ మీద దీపాలన్నీ వెలిగించి తలుపు తీయని ఇల్లులా ఉంది ఆ తెర.

“కాస్త సర్దుకుంటుందమ్మా,” అన్నాడాయన. “కొత్తగా వచ్చింది కదా. అత్తారింట్లో సర్దుకోవడానికి టైం పట్టదూ?”

భర్త దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు దాచాడని ఆమెకు తెలుసు. బల్ల కింద భర్త కాలు తొక్కింది.

అసలు విషయం టీ అయ్యాక బయటపడింది. వదిన, అంటే డెమో బావ భార్య, ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటర్ చూస్తుంది. అక్కడి ల్యాప్‌టాప్‌లు ముసలివి. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన జనం, అవి లేచేదాకా వరసలో నిలబడి, ఆ ఆకలంతా వదిన మీద చూపిస్తారు. ఆ ల్యాబు డాక్టరమ్మకు రాకెట్టు అమ్మగలిగితే డెమో బావకు ఈ ప్రాంతానికంతా ఏజెన్సీ వస్తుంది. కానీ డాక్టరమ్మ ఒక మెలిక పెట్టింది. సెకన్లమ్మ పనిచేసే దుకాణం వాళ్ళు పరీక్షించి, సంతకం చేసిన కాగితం ఇస్తేనే కొంటానంది.

“ఒక్క సంతకం. సొంత మనుషులం. నువ్వు కాదంటే ఇంకెవరు అవునంటారు?” అన్నాడాయన.

నాలుగేళ్ళలో ఆమె సంతకం పెట్టిన కాగితాన్ని ఎవరూ వెనక్కి తేలేదు. డాక్టరమ్మ ఆ దుకాణం పేరే ఎందుకు చెప్పిందో ఆమెకు తెలుసు. ఆ సంతకాన్ని ఇప్పుడు ఈ రాకెట్టు మంట కింద పెట్టమంటున్నారు. ఆమె మళ్ళీ కీబోర్డు వంక చూసింది. ఆ తెల్ల వెంట్రుక ఊగుతూనే ఉంది. ఎంటర్ మీట నొక్కితే చప్‌మని లోపలికి పోయి, నాలుక అంగిలికి అంటుకున్నట్టు అక్కడే ఉండిపోయింది. నోట్లో నీళ్ళూరాయి. మంచి రకం నీళ్ళు కావు.

భర్త వైపు వంగి మెల్లిగా అంది: “నాకు వికారంగా ఉంది. వెళ్దాం.”

వంటింటి గుమ్మంలో వదిన చేతిలోని పళ్ళెం అక్కడే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత మొహమంతా వెలిగింది. ఒక్క మాట కూడా అనలేదు. వచ్చి మరదలి తల నిమిరి, తమ్ముడి వీపు మీద ఒకటి వేసి, లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో భర్త వింతగా నడిచాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆయనది. కొత్త అద్దాల పెట్టె మోస్తున్నప్పుడు మనిషి ఎలా నడుస్తాడో అలా, ఆమె మోచెయ్యి పట్టుకుని, రోడ్డు వైపు తను ఉండి, గుంటలు ముందే చూసి చెబుతూ నడిచాడు.

“ఏమైంది నీకు?”

“నాకేం కాలేదు. నీకే…” అని ఆగి, చెవులు ఎర్రబడగా అన్నాడు, “విశేషమా?”

ఆమె నడిరోడ్డు మీద నిలబడిపోయింది. “ఎవరు చెప్పారు?”

“వికారమన్నావుగా. అక్క చెప్పులు వేసుకునేటప్పుడు సైగ చేసింది.”

“వికారం మీ బావగారి కీబోర్డు చూసి వచ్చింది. ఆ ఎంటర్ మీట నువ్వు నొక్కావా? నొక్కి ఉంటే నీకూ విశేషమే అయ్యేది.”

ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఆయన ఆమె మోచెయ్యి వదలకుండానే నడిచాడు. ఆ కాస్త దూరంలో ఆయన మనసులో ఒక చిన్న ఊయల తయారై, మళ్ళీ విప్పేసి లోపల పెట్టడం జరిగింది. రెండో స్తంభం దాటాక నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

“మరి అక్కకు ఎవరు చెబుతారు?”

“నీ అక్క. నువ్వే చెప్పు.”

“నీ వికారం. నువ్వే చెప్పు.”

ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. మర్నాడు ఆమె దుకాణానికి ఒక సంచీ వచ్చింది. నిండా నిమ్మకాయలు. వెంట చీటీ: ‘వాసన చూస్తూ ఉండు. బరువులెత్తకు. వదిన.’

దుకాణం యజమానిని అందరూ గడియారం తాత అంటారు. చేతి గడియారాలు బాగుచేసే రోజుల నుంచి ఉన్న కొట్టు అది. ఇప్పుడు గోడకు ఒక్క గడియారం మిగిలింది, మిగతాదంతా ల్యాప్‌టాప్‌లే. ఆయన నిమ్మకాయల వైపు, ఆమె వైపు చూసి, అడగవలసినదేదో అడగకుండా పెద్దరికం నిలబెట్టుకున్నాడు.

డెమో బావ తన యంత్రాన్ని ఆమెకే వదిలిపోయాడు, తనివి తీరా పరీక్షించుకొమ్మని. ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని అడుగు మూత విప్పింది. విప్పి, లేచి వెళ్ళి, గుమ్మంలో కాసేపు గాలి పీల్చుకుని వచ్చింది.

లోపల ఫ్యాను కనిపించలేదు. ఉండవలసిన చోట బూడిదరంగు దుప్పటి ఉంది. పట్టకారుతో లాగితే మందపాటి తివాచీ ముక్కలా ఒక్కసారే ఊడొచ్చింది. దుమ్ము, జుట్టు, గోళ్ళ ముక్కలు, వీటన్నింటినీ కలిపి పట్టి ఉంచిన ఒక జిడ్డు. దాని కింద, వెచ్చగా ఉంటుందని కాబోలు, ఒక బొద్దింక కాపురం పెట్టి, అక్కడే కాలం చేసింది. పక్కన దాని సంతానం తాలూకు గుల్లలు. అన్నిటికీ కలిపి కాలిన వెంట్రుకల వాసన.

“ఈ యంత్రం నెమ్మదిగా లేస్తోందంటే లేవదా మరి,” అంది ఆమె. “ఊపిరాడక మంచాన పడ్డ మనిషి నెత్తిన రాకెట్టు టోపీ పెట్టారు.”

తాత ఒక నిమ్మకాయ తీసి ఆమెకిచ్చాడు. ఆమె వాసన చూసింది. అందుకు మాత్రం పనికొచ్చింది.

శుభ్రం చేసి, రాకెట్టు తీయకుండానే, స్టాప్‌వాచ్ పట్టుకుంది. ఈసారి యంత్రాన్ని నిజంగా పూర్తిగా ఆర్పి, మళ్ళీ వేసింది. ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. తాత నేర్పినదే. మనిషి ఏ పని కోసం యంత్రం తెరిచాడో ఆ పని మొదలయ్యేదాకా కొలవాలి. తెర వెలగడం పని కాదు. బటన్ నొక్కిన క్షణం నుంచి, ఫైలు తెరుచుకుని దాంట్లో మొదటి అక్షరం పడేదాకా.

బటన్ నొక్కింది. ముప్ఫై సెకన్లు గడిచాయి. నలభై. నలభై మూడో సెకనుకు డెస్క్‌టాప్ వచ్చింది. రాకెట్టు ఎగిరింది. రంగుకాగితాలు రాలాయి. ‘పదకొండు సెకన్లు,’ అంది తెర. ‘అభినందనలు,’ అంది పసిగొంతు. అక్షరం పడింది మాత్రం రెండు నిమిషాల మీద.

ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ పదకొండే. మూడోసారికి అర్థమైంది. రాకెట్టు గడియారం బటన్ నొక్కినప్పుడు మొదలవదు. యంత్రం సగం లేచాక, రాకెట్టు తను నిద్ర లేచినప్పుడు మొదలవుతుంది. డెస్క్‌టాప్ బొమ్మ కనబడగానే ఆగిపోతుంది. ఆ బొమ్మ తొందరగా కనబడాలని, లేవవలసిన ప్రోగ్రాములన్నిటినీ గుమ్మం అవతల నిలబెడుతుంది. లెక్క చెప్పేశాక ఒక్కొక్కదాన్నీ పంపుతుంది. తనకు తెలిసినవాటిని ముందు, తెలియనివాటిని వెనక. ఆ నిలబెట్టడానికీ, పంపడానికీ, మధ్యలో మంటలూ కాగితాలూ చూపించడానికీ తనూ కొంత టైం తింటుంది. ఇరుకు గుమ్మంలో జనం తోసుకుంటున్నారని, గుమ్మం మధ్యలో ఇంకో లావాటి మనిషిని తెచ్చి నిలబెట్టినట్టు.

“సిగ్గు లేదూ దీనికి,” అంది ఆమె.

“యంత్రానికి సిగ్గేంటమ్మా,” అన్నాడు తాత. “రాసినవాడికి ఉండాలి.”

ఆ మధ్యాహ్నం డెమో బావ వచ్చాడు. ఆమె లెక్కలు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, జాలిగా తల ఊపాడు.

“నీ తప్పు కాదులే చెల్లెమ్మా. ఈ పరిస్థితిలో ఏది చూసినా వెగటుగానే ఉంటుంది. మీ వదినకూ అంతే. మా వాడు కడుపులో ఉన్నన్నాళ్ళూ నా మొహం చూస్తే కిటికీ వైపు పరిగెత్తేది.”

ఆమెకు వచ్చిన సమాధానం చాలా బాగుంది. వరసకు అన్నయ్య కాబట్టి మింగేసింది. “అన్నయ్యగారూ, నాకు ఏ పరిస్థితీ లేదు,” అని మాత్రం అంది.

“మొదట్లో అందరూ అలాగే అంటారమ్మా,” అన్నాడాయన, పక్కనే ఉన్న నిమ్మకాయల సంచీ వైపు చూసి కన్ను గీటుతూ.

ఆమె తాత వైపు తిరిగింది. ల్యాబులోనే, వాళ్ళ కౌంటర్లలోనే, ఆయన కళ్ళ ముందే కొలుద్దాం అన్నాడు తాత. డాక్టరమ్మ ఒప్పుకుంది. రెండు రోజులు గడువు.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఆమె అన్నం సరిగా తినలేదు. తినకపోతే భర్త కంగారు పడ్డాడు. ఆయనకు ఇంట్లో కూడా కళ్ళజోళ్ళ కొట్టు అలవాటే, ఈ అద్దమా, ఆ అద్దమా అని అడగడం. కూర బాగుందా అని అడగడు, ‘ఇలా బాగుందా, ఉప్పు వేశాక బాగుందా’ అని రెండు చెంచాలు పట్టుకుని నిలబడతాడు. మొదటి రోజు సాయంత్రం కూడా అలాగే నిలబడ్డాడు.

“సంతకం పెడితే ఎలా ఉంటుంది, పెట్టకపోతే ఎలా ఉంటుంది?” అన్నాడు, రెండు ఖాళీ చెంచాలు ఎత్తి. “మొదటిదా, రెండోదా?”

“పెట్టకపోతే మీ అక్కతో మాటలుండవేమో.”

“పెడితే?”

ఆమె కాసేపు ఆలోచించింది. “పెడితే ఆ ఎంటర్ మీట రోజూ నా వేలికే అంటుకుని ఉంటుంది.”

ఆయన మొదటి చెంచా సింకులో వేశాడు. రెండోదాన్ని ఆమె చేతికిచ్చి, గిన్నె ముందు పెట్టాడు. ఆమె రెండు ముద్దలు తింది. ఆయన అద్దాలు తుడిచే నీలం గుడ్డ ఒకటి కొత్తది తెచ్చి, స్టాప్‌వాచ్ తుడిచి, దాంట్లోనే చుట్టి ఆమె సంచీలో పెట్టాడు. పెళ్ళిలో వచ్చిన బహుమతులన్నీ ఒక ఎత్తు, ఆ గుడ్డ ఒక ఎత్తు అనిపించింది ఆమెకు.

ల్యాబులో ఒకే రకం కౌంటర్ ల్యాప్‌టాప్‌లు రెండు. ముందు రోజు సాయంత్రం ఆమె రెండిటినీ రాకెట్టు లేకుండా కొలిచింది. రెండిటికీ మధ్య రెండు సెకన్ల తేడా కూడా లేదు. తర్వాత డెమో బావ తన చేత్తోనే రెండోదాంట్లో రాకెట్టు ఎక్కించాడు. డాక్టరమ్మ కళ్ళముందే రెండిటినీ పూర్తిగా ఆర్పేశారు.

పొద్దున ఆరున్నరకే బెంచీలు నిండిపోయాయి. ఏమీ తినకుండా వచ్చిన మొహాలు ఎలా ఉంటాయో అలానే ఉన్నాయి. స్పిరిట్ వాసన, పాచినోళ్ళ వాసన, మూలన బుట్టలో నిన్నటి రక్తపు దూది. చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన, ఎవరో ఏదో తినడానికి తెచ్చారేమోనని వచ్చేపోయేవాళ్ళ సంచీలు చూస్తున్నాడు. కౌంటర్ వెనక వదిన. నెత్తిన పెన్ను గుచ్చుకున్న డాక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

“ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కొలుస్తున్నావమ్మా?” అని అడిగింది.

“బటన్ నొక్కినప్పటి నుంచి, మొదటి మనిషి చేతికి చీటీ వచ్చేదాకా.”

“డెస్క్‌టాప్ దాకా చాలదా?” అన్నాడు డెమో బావ.

“డెస్క్‌టాప్ చూసి రక్తం తీయరు బావగారూ,” అంది డాక్టరమ్మ. ఆవిడకు ఆయన ఏ వరసా కాడు. అందరూ బావ అంటుంటే అలవాటైపోయింది.

రెండు బటన్లూ ఒకేసారి నొక్కారు. వదిన రాకెట్టు ఉన్న యంత్రం ముందు కూర్చుంది. ఇంకో ఉద్యోగిని రాకెట్టు లేనిదాని ముందు. ముప్ఫై ఏడో సెకనుకు వదిన తెర మీద రాకెట్టు ఎగిరింది. పదకొండు సెకన్లు. అభినందనలు. పక్క తెర ఇంకా నల్లగానే ఉంది. డెమో బావ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని జనం వైపు తిరిగాడు. వదిన మొహంలో ఎన్నాళ్ళకో ఒక వెలుగు.

“రండి పెద్దాయనా,” అని పిలిచి, ల్యాబు ప్రోగ్రాం మీద నొక్కింది.

చక్రం తిరిగింది. వదిన మళ్ళీ నొక్కింది. చక్రం తిరుగుతూనే ఉంది. పక్క తెర వెలిగింది. అందులోనూ చక్రం కాసేపు తిరిగి ఆగింది. ప్రోగ్రాం తెరుచుకుంది, ప్రింటరు గురగురమంది, చీటీ బయటికి వచ్చింది. రెండు నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు. ఆ చీటీ పట్టుకుని ఒకావిడ లోపలికి వెళ్ళిపోయింది.

వదిన ముందు చక్రం తిరుగుతోంది.

“అమ్మా,” అన్నాడు పెద్దాయన, తెర వైపు మెడ చాచి. “ఆ రాకెట్టు ఇందాక పైకి పోయింది కదా. దిగేది ఎప్పుడు?”

బెంచీల మీద నీరసంగా నవ్వారు. వదిన నవ్వలేదు. ఆయన చేతికి చీటీ వచ్చేసరికి మూడు నిమిషాల తొమ్మిది సెకన్లు. ల్యాబు ప్రోగ్రాం రాకెట్టుకు తెలియనిది. దాన్ని అన్నిటికన్నా వెనక నిలబెట్టింది.

సెకన్లమ్మ రెండు అంకెలూ రాసుకుంది. అప్పుడు డెమో బావ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు ఎప్పుడూ చివరి బెంచీ దాకా వినపడుతుంది.

“డాక్టరుగారూ, ఈ కొలతల్ని మరీ పట్టించుకోకండి. అమ్మాయికి ఇప్పుడు… విశేషం. వికారాల్లో ఉంది. చెయ్యి నిలకడగా ఉండదు, మనసూ నిలకడగా ఉండదు. ఇంకో రోజు నేనే కొలిచి చూపిస్తా. తను సంతకం పెడితే చాలు.”

బెంచీల మీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా ఆమె పొట్ట వైపు చూశారు. ఒకావిడ పక్కకు జరిగి చోటిచ్చింది. సెకన్లమ్మకు ఒళ్ళంతా ఆ కీబోర్డు పాకినట్టయింది. బొద్దింకను చూసినప్పుడు కూడా ఇంత వెగటు కలగలేదు. అది పాపం దాని బతుకు అది బతికింది. ఈయన లేని బిడ్డను కూడా రాకెట్టు ఎక్కించేశాడు.

“నా సంగతి తర్వాత చూద్దాం అన్నయ్యగారూ,” అంది, నీలం గుడ్డలోంచి స్టాప్‌వాచ్ పైకెత్తి. “దీనికైతే నెల తప్పలేదు.”

పెద్దాయన చక్రాల కుర్చీలో ముందుకు వంగి మరీ నవ్వాడు. డాక్టరమ్మ నెత్తిలోని పెన్ను తీసి చెవి వెనక గోక్కుంటూ, “ఆ పరీక్ష కావాలన్నా ఇక్కడ చేస్తాం. దానికి యంత్రం అక్కర్లేదు, పరీక్ష పట్టీ ఒకటి చాలు,” అంది.

“ఏవండీ,” అంది వదిన.

డెమో బావ తిరిగి చూశాడు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించింది.

“ఆ పదకొండు సెకన్లు నాకు చూపించండి. ఎక్కడున్నాయో.”

“తెర మీద వచ్చిందిగా…”

“తెర మీద కాదు. నేను ఇక్కడ కూర్చున్నా. ఈయన నా ఎదురుగా ఉన్నారు. మూడు నిమిషాలు ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశా. అందులో ఆ పదకొండు ఎక్కడున్నాయి? నిన్నటిదాకా వీళ్ళు తిడుతుంటే యంత్రం ముసలిదని చెప్పేదాన్ని. ఇప్పుడేం చెప్పాలి, మా ఆయన వేగం పెంచారనా?”

డెమో బావ తన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనక బెంచీ వైపు నడిచాడు.

సెకన్లమ్మ వదిన పక్కకు వెళ్ళింది. రాకెట్టును తీసెయ్యడానికి నొక్కింది. తెర మీద అదే రాకెట్టు, ఈసారి కళ్ళ నిండా నీళ్ళు. ‘నిజంగానే నన్ను పంపేస్తారా?’ అని అడిగింది. అవునంటే, ‘మీ యంత్రం మళ్ళీ నెమ్మదిస్తుంది, పరవాలేదా?’ అంది. దానికీ అవునంటే, ‘పోనీ, నెల రోజులు ఉండనిస్తారా?’ అంది. ఉండమనే మాట పెద్ద పచ్చ బటన్ మీద ఉంది. వద్దనే మాట కింద మూలన, వెలిసిపోయిన బూడిదరంగులో, చీమ కాలంత ఉంది. జలగను పీకినా నయం, అది పసిగొంతుతో బతిమాలదు.

అది పోయాక స్టార్టప్ జాబితా తెరిచింది. యంత్రంతో పాటే లేవమని ఎవరూ చెప్పకపోయినా లేస్తున్నవి పద్నాలుగు ఉన్నాయి. ఎప్పుడో తీసేసిన కెమెరా తాలూకుది ఒకటి, ఎవరూ ఆడని ఆటది ఒకటి. అందులో పన్నెండిటి చేత అక్కడే ఆ లేవడం మాన్పించింది. దానికి ఏ సాఫ్ట్‌వేరూ కొననక్కర్లేదు, ఒక్కొక్కదాని మీద ఒక నొక్కు చాలు. మళ్ళీ పూర్తిగా ఆర్పి వేసింది. చీటీ నిమిషం నలభై సెకన్లకు వచ్చింది.

“ఇంకా తగ్గాలంటే లోపలి పాత డిస్కు మార్చాలి డాక్టరుగారూ. తిరిగే పళ్ళెం ఉంది ఇందులో. చిప్పు రకం వేస్తే మీరు కుర్చీ లాక్కునేలోపు లేస్తుంది. అది కూడా వేశాక ఇక్కడే కొలిచి ఇస్తాను. ఈలోపు ఫ్యాన్లు శుభ్రం చేయించండి.”

“రాయి,” అంది డాక్టరమ్మ.

ఆమె కౌంటర్ మీదే రాసింది. దుకాణం కాగితం, అచ్చేసిన గళ్ళు. యంత్రం. మామూలుగా ఎంత. రాకెట్టుతో ఎంత. రాకెట్టు తీసి జాబితా తగ్గించాక ఎంత. ‘ఈ సాఫ్ట్‌వేర్ తెరను తొందరగా చూపించింది, పనిని ఆలస్యం చేసింది. తెర మీద చూపే సెకన్లు అసలైన సెకన్లు కావు.’ కింద సంతకం పెట్టింది. రోజూ పెట్టేదే.

సంతకం పక్కన ఇంకో గడి ఉంది. తాత గడియారాల రోజుల నుంచీ ప్రతి కాగితంలోనూ ఉన్నదే. సరుకు గురించి వేరే చెప్పవలసింది ఉంటే రాయడానికి. పైన ‘విశేషాలు’ అని అచ్చేసి ఉంటుంది. ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. రోజూ రాసే మాటే రాసింది.

కాగితం ల్యాబు తరఫున తీసుకున్నట్టు ముద్ర వేయవలసింది వదిన. ఆవిడ మొదటి గడి నుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చింది. మూడు నిమిషాల తొమ్మిది దగ్గర వేలు కాసేపు నిలబడింది. చివరి గడి దగ్గర మళ్ళీ ఆగింది.

“విశేషాలు,” అని పైకి చదివింది. “ఏమీ లేవు.”

తల ఎత్తి మరదలి మొహంలోకి చూసింది.

“ఏమీ లేవా?”

“లేవు వదినా. ఆ రోజు నాకు వచ్చింది ఉత్త వికారమే.”

“మరి నిమ్మకాయలు?”

“రసం పిండుకుని తాగుతున్నాం. ఇద్దరం.”

వదిన పెదవి బిగించింది. అది కోపమో, నవ్వో, రెండూ కలిసి ఒకే గుమ్మంలో ఇరుక్కున్నాయో చెప్పడం కష్టం. ముద్ర తీసుకుని, ఇంకులో ఒత్తి, ఆ చివరి మాట మీదే గట్టిగా వేసింది.

ఆ వెనక బెంచీ మీద డెమో బావ తన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సెకన్లమ్మ శుభ్రం చేసి ఇచ్చాక అది మిలమిలలాడుతోంది. ఎంటర్ మీట ఇప్పుడు అంటుకోవడం లేదు. ఆయన దాన్ని నొక్కుతున్నాడు, తెర వంక చూస్తున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. బెంచీ మీద అందరికీ వినపడేలా ఒక పసిగొంతు అడుగుతోంది, నిజంగానే నన్ను పంపేస్తారా అని.

“మూలన బూడిదరంగులో ఉంటుంది చూడండి అన్నయ్యగారూ,” అంది సెకన్లమ్మ, స్టాప్‌వాచ్‌ను నీలం గుడ్డలో చుడుతూ. “చిన్నగా ఉంటుంది. వెతుక్కోవాలి.”